భూదేవి దారాలు, నా చీటీలు

ఆ రోజుల్లో మా సిరిసిల్లలో మనిషి జైలుకు పోవాలంటే రెండు దారులుండేవి. అడవిలోని అన్నలకు, అదే నక్సలైట్లకు, అన్నం పెట్టాడని పోలీసులు పట్టుకుపోవడం ఒకటి, తాగి తలలు పగలగొట్టుకోవడం రెండోది. ఒక చెంచా, ఒక పెన్సిలు, కాస్త మైదా జిగురు పట్టుకుని మూడో దారి కనిపెట్టిన మహాతల్లిని నేను. అదీ మామూలు జైలు కాదు, దుబాయి జైలు. పంపబోయింది పరాయివాణ్ణి కూడా కాదు, మా పక్కింటి భూదేవి మొగుడు దేవదాసును.

నన్ను వాడలో మల్లక్క అంటారు. ఐదో తరగతి చదివాను. పాసయ్యావా అని మాత్రం అడగకండి. వాడలో ఆడవాళ్ళకు వచ్చిన ఉత్తరాలన్నీ నేనే చదివిపెట్టేదాన్ని కాబట్టి ఆ ఐదో తరగతే నాకు బి.ఏ. లెక్కన చెల్లింది. ఎవరింట్లో ఏం కూర, ఎవరింటికి ఏ చుట్టం, ఏ పిల్ల ఎందుకు ఏడ్చింది, ఇవన్నీ తెలియకపోతే నాకు పూట గడవదు. మా ఆయన బుచ్చన్న అనేవాడు: "నువ్వు సచ్చినంక గూడ లేశి కూసోని, పాడె మోసెటోళ్ళ పేర్లడుగుతవే."

ఇది నా కథ కాదు, భూదేవి కథ. మధ్యలో నేను దూరతాను. దూరడం నాకు అలవాటు.

భూదేవి ముస్తాబాద్ నుంచి పదహారేళ్ళకు కోడలుగా వచ్చింది. సన్నటి మనిషి. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళ దాకా కండెలు చుట్టేది. మగ్గం మీద నాడెలో పెట్టే నూలు చుట్టలను మేము కండెలంటాం. వంద మాటలకు ఒక మాట జవాబిచ్చేది. నాలాంటిదానికి అలాంటి పొరుగు దొరకడం దేవుడు వేసిన శిక్షే. దేవదాసు మొదట సేట్ల పవర్‌లూమ్‌ల మీద పనిచేసి, తర్వాత దుబాయి పోయాడు. రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా పసుపురంగు పాలపొడి డబ్బాలు తెచ్చేవాడు. పాలపొడి పిల్లలు తినేవాళ్ళు, డబ్బాలు భూదేవి వంటింటి అరలోకి చేరేవి.

ఆ అర చూడాలి. నాలుగడుగుల చీకటి గదిలో షాబాదు బండ మీద ఇరవై ఒక్క డబ్బా. నేనే లెక్కపెట్టాను. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. పైన అక్షరం ముక్క లేదు. ప్రతి డబ్బా మెడకూ మగ్గం దగ్గర మిగిలిన రంగు నూలు పోగు ఒకటి కట్టి ఉండేది. ఆవాలకు నల్లది, ధనియాలకు ఆకుపచ్చది, నువ్వులకు తెల్లది. ఆ పోగుకు ముడులు కూడా ఉండేవి. పున్నమి వచ్చినప్పుడల్లా ఒక ముడి వేసేది. పొడికి మూడు ముడులు పడితే ఇంక అది కూరలో పడదు. గింజలకు ఆరు పడితే మళ్ళీ ఎండ చూడాలి. ఎండలోంచి తెచ్చిన మిరపకాయలను వెంటనే డబ్బాలో పోసేది కాదు, వేడి పూర్తిగా చల్లారాలి, లేకపోతే లోపలే చెమర్చి బూజు పడుతుందనేది. కారం జాడీ అడుగున ఇంగువ ముక్క, పైన పిడికెడు ఉప్పు, ఆపైన తెల్ల గుడ్డ. ఆమె ఇంట్లో ఏ వానాకాలంలోనూ పసుపులో ఒక్క పురుగు నేను చూడలేదు. వెతకక కాదు.

నా వంటిల్లు సంగతి చెప్పకపోతే అన్యాయం. చక్కెర డబ్బాలో జీలకర్ర, జీలకర్ర డబ్బాలో మా ఆయన చొక్కా గుండీలు. విత్తనానికని ఎండబెట్టిన బొప్పాయి గింజలను మిరియాలనుకుని ఒకసారి చారులో దంచి పోశాను. మా ఆయన రెండు గుటకలు తాగి, గ్లాసు నా ముందు పెట్టి, ఏమీ అనకుండా హోటలుకు పోయాడు. అలాంటి నేను భూదేవికి చదువు చెప్పబోయాను.

"గీ దారాలెందుకే? పేర్లు రాసి అతికిస్త."

"నాకు సదువు రాదు గదక్కా."

"నాకొచ్చు గద!"

"నీకొస్తె నాకేమెర్కయితది? మంచిగనే ఉన్నయి తియ్."

సిగ్గుపడుతోందనుకున్నాను.

అంతకు రెండేళ్ళ ముందు దేవదాసు ఉత్తరం ఒకటి వచ్చింది. అతని రూములోకి రావలసిన మల్లాపూర్ దిక్కు మనిషిని విమానాశ్రయంలోనే పట్టుకున్నారట. భార్య దంచి ఇచ్చిన మసాలాలో గసగసాలున్నాయి. మనకు అవి కూర చిక్కబడడానికి, అక్కడివాళ్ళకు నల్లమందు చెట్టు గింజలు. విమానం దిగినవాడు దిగినట్టే జైలుకు పోయాడు. ఆ ఉత్తరం చదివింది నేనే, మూడిళ్ళకు వినబడేలా చదివింది కూడా నేనే. ఆనాటి నుంచి భూదేవి మసాలా రెండు రకాలుగా దంచడం మొదలుపెట్టింది. గసగసాలు వేసినది ఇంటికి, ఎర్ర దారం డబ్బాలో. గసగసాలు లేనిది దేవదాసుకు, నీలం దారం డబ్బాలో. చూపుకు రెండూ ఒకటే, వాసనకూ ఒకటే. ఇది మీకు ముందే చెప్తున్నాను. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ప్రపంచంలోని ప్రతిదీ అడిగే నేను ఆ ఒక్కటి అడగలేదు.

ఆ ఏడు శ్రావణంలో దేవదాసు సెలవు మీద ఉండగా ముస్తాబాద్‌లో భూదేవి తల్లి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. భూదేవి పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బయలుదేరుతూ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"వంటింట్ల పెంక కురుస్తున్నదక్కా. సుక్క పడితె డబ్బలు జర పక్కకు జరుపు. గంతే."

గంతే అంది. ఆ మాటకు నా నిఘంటువులో అర్థం లేదు.

మర్నాడు వాన పడింది. డబ్బాలు జరిపాను. జరిపినదాన్ని మూతలు తియ్యకుండా ఉండగలనా? తీశాను. తీసినదాన్ని సర్దకుండా ఉండగలనా? పాత నోటుబుక్కు చింపి చీటీలు చేశాను, మైదా ఉడికించాను, ముత్యాల్లాంటి అక్షరాలు రాశాను. మెంతులకు ఒత్తు ఎక్కడ వస్తుందో కాసేపు ఆలోచించాను, అంతే. దారాలు కత్తిరించి పొయ్యిలో వేశాను. దేవదాసు గుమ్మంలోంచి తొంగిచూసి, "కానియ్ వదినె, సదువుకున్నదానివి" అన్నాడు. ఆ అర మీది డబ్బాలను అతను జన్మలో ముట్టింది లేదు. అతనికి మసాలా అంటే కూరలో కనిపించే రంగు.

సర్దుతుంటే మసాలా డబ్బాలు రెండు కనిపించాయి. రెండూ సగం సగమే ఉన్నాయి. వాసన చూశాను, నాలుక మీద వేసుకున్నాను, ఒకటే. ఇంత పొందికైన మనిషి ఒకే వస్తువును రెండు చోట్ల పెట్టిందేమిటని నాకు జాలి కూడా కలిగింది. ఒకదాన్ని ఇంకోదాంట్లో పోసి, చెంచాతో బాగా కలిపి, చీటీ అతికించాను. ఖాళీ అయిన డబ్బాను మా ఇంటికి తెచ్చుకున్నాను. దొంగతనం అనకండి, కూలి అనండి.

ఆ మర్నాడు పొద్దున్నే దుబాయి ప్రయాణాలు చూసే కోరుట్ల ఏజెంటు మనిషిని పంపాడు. రేపటి నుంచి అన్నల బందు పిలుపు ఉందట, బస్సులు తిరగవట. బొంబాయి బస్సు రెండు రోజులు ముందుకు జరిగి, కోరుట్ల నుంచి ఆ సాయంత్రం ఐదింటికే బయలుదేరుతుందట. దేవదాసు ముస్తాబాద్ పోయే ఆటోవాడితో భూదేవికి కబురు పంపి, పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"మసాల భూదేవి కడుతుండె. ఇప్పుడెట్ల?" అన్నాడు.

"నేను లేనా?" అన్నాను.

అర కిలో మసాలా ప్లాస్టిక్ కవరులో పోసి, గుడ్డ సంచీలో పెట్టి, నోరు కుట్టి ఇచ్చాను. పది గంటలకు అతను కోరుట్ల బస్సెక్కాడు.

పన్నెండున్నరకు భూదేవి వచ్చింది. పిల్లల్ని తల్లి దగ్గరే వదిలి, వానలో తడిసి, ఆటో దిగి పరుగెత్తింది. మొగుడు లేడు. రెండేళ్ళ దాకా రాడు. గుమ్మంలో నిలబడి ఖాళీ మంచం వైపు చూసింది. నేను వెనకే ఉండి, ఆమె మనసు మళ్ళిద్దామని, "లోపలికి పోయి అర సూడు, ఎంత మంచిగ సదిరిన్నో" అన్నాను.

చూసింది. ఒక్కో డబ్బా మెడ తడిమింది.

"దారాలేవి అక్కా?"

"పొయ్యిల ఏసిన. ఇగ నీకు అక్కెర లేదు."

"మసాల డబ్బలు రెండుండాలె."

"రెండెందుకే? ఒకదాంట్ల పోసిన. కలిపిన."

ఆమె గోడకు ఆనుకుని, నెమ్మదిగా కూర్చుంది. "ఆయనకు ఏది కట్టిచ్చినవ్?"

"గదే."

"దాంట్ల గసాలున్నయక్కా," అంది. గట్టిగా కూడా అనలేదు. "నీలం దారంది ఆయనకు. ఎర్రది ఇంటికి. నువ్వే గదక్కా ఉత్తరం సదివినవ్."

నాకు నోట మాట రాలేదు. మా వాడ చరిత్రలో అది మొదటిసారి. ఆ సమయానికి చూడడానికి ఎవరూ లేకపోయారు గానీ, ఉంటే కొబ్బరికాయ కొట్టేవాళ్ళు.

ఎస్టీడీ బూతుకు పరుగెత్తాం. ఫోన్లు వారం నుంచి మూగవే, మేము పరుగెత్తామని పలుకుతాయా? బస్టాండుకు పోతే, మధ్యాహ్నం నుంచే బస్సులు డిపోకు చేరుతున్నాయి. అక్కడ జీపు ఆనందం కనిపించాడు. బందు నాడు రోడ్డు మీద కనబడితే కాలబెడతారని, జీపును కోరుట్లలో బావమరిది పెరట్లో దాచడానికి ఖాళీగా పోతున్నాడు. అడగకుండానే ఎక్కి కూర్చున్నాం.

వేములవాడ దాటింది. చందుర్తి దాటింది. భూదేవి రోడ్డు వైపే చూస్తోంది. నాకేమో ఊరుకోవడం చేతకాదు.

"నన్ను తిట్టరాదే."

ఆమె తడిసిన కొంగు పిండుకుంది.

"నాలుగు తిట్టు భూదేవి, నాకు మంచిగనిపిస్తది."

"కోరుట్లకు పోయినంక తిడుత. ఇప్పుడు గుండె కొట్టుకుంటున్నది," అంది. "ఆయన జైలుకు పోతె నా పిల్లలకు నేనేం జెప్పాలె? నాయిన గసాలు తీస్కపోయిండని చెప్పాలెనా?"

రుద్రంగి దగ్గర పోలీసులు ఆపారు. బందు ముందు రోజు కదా, తుపాకులు, ఇసుక బస్తాలు, వానలో తడుస్తూ ముగ్గురు కానిస్టేబుళ్ళు. అందులో పెద్దాయన తల లోపలికి పెట్టి, "ఎక్కడికి? ఎందుకు?" అన్నాడు.

భూదేవి నోరు తెరిచేలోపు నేను తెరిచాను. "కోరుట్లల ఒకాయన పెట్టెల ఒక పొట్లమున్నది సారూ. విమానం ఎక్కకముందే గది తియ్యాలె."

ముగ్గురూ ఒక్కసారి నిటారుగా నిలబడ్డారు.

"పొట్లంలో ఏముంది?"

"పొడి సారూ."

"ఏం పొడి?"

"మొత్తం నాకు తెల్వదు. సగం నేనే కలిపిన."

ఆనందం స్టీరింగు మీద నుదురు ఆనించుకున్నాడు. మమ్మల్ని దిగమన్నారు. నేను ఇంకా వివరంగా చెప్పబోతుంటే, భూదేవి నా చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగింది. పోలీసుల ముందుకు తనే పోయింది. మొగుడు పక్కన లేకుండా పరాయి మగవాడి ముందు ఆమె నాలుగు మాటలు మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

"కూరల మసాల సారూ. మా ఆయన దుబాయి పోతున్నడు. మసాలల గసాలు పడ్డయి. అక్కడ గసాలు దొరికితె జైల్ల ఏస్తరు. ఐదింటికి బస్సు. మమ్ముల ఆపితె ఆయన పోతడు సారూ."

పెద్దాయన, "గసగసాలకు జైలా?" అన్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ మెల్లగా, "నిజమే సార్. మా బామ్మర్ది మస్కట్ల ఉంటడు, చెప్పిండు" అన్నాడు. తర్వాత తనలో తాను, "మా చెల్లె ఏమేసి పంపిందో" అని గొణిగాడు.

మమ్మల్ని వదిలారు. పెద్దాయన మాత్రం నా వైపు వేలు చూపి ఆనందంతో, "ఈవిడను మాట్లాడనియ్యకు" అన్నాడు.

కోరుట్ల చేరేసరికి నాలుగు దాటి నలభై నిమిషాలు. ఏజెంటు ఆఫీసు సందులో బస్సు నిలబడి ఉంది. పెట్టెలన్నీ పైకెక్కాయి, తాటిపత్రి, అదే టార్పాలిను, కప్పి తాళ్ళు బిగించారు. దేవదాసు కిటికీలోంచి చూసి, ఉన్నచోటనే లేచి తలకు కడ్డీ కొట్టుకున్నాడు.

"భూదేవి! నువ్వెట్లచ్చినవ్?"

ఆమె జీపు దిగి పరుగెత్తిన ఆయాసంలో ఉంది. చెప్పింది నేను. నా గొంతు సంగతి తెలుసుగా. దేవదాసుతో పాటు బస్సులోని పదిమందికీ, సందులోని ఇళ్ళన్నిటికీ తెలిసింది.

దేవదాసు బస్సు దిగి పెట్టె దింపమన్నాడు. కానీ క్లీనరు తాళ్ళు విప్పనన్నాడు. ఏజెంటు గడియారం చూపించి, "ఒక్కని కోసం బస్సాగదు. బొంబాయిల తీసి పారెయ్యమను" అన్నాడు. బొంబాయిలో పెట్టె ఎవరు మోస్తారో, ఎవరు తెరుస్తారో, ఇతను మరిచిపోతే ఏం గతో! నాకు తిక్క రేగింది. చీర కుచ్చిళ్ళు దోపి, బస్సు వెనక నిచ్చెన ఎక్కాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు, బరువు అడగకండి. మూడో మెట్టు మీద చీర చిక్కింది, ఐదో మెట్టు మీద ధైర్యం చిక్కింది. కింద దేవదాసు, "వదినె, దిగు, నేనెక్కుత" అని మొత్తుకుంటున్నాడు. దిగడం రాకనే ఎక్కాను పైకి. చివరకు అతనూ వెనకే వచ్చి, తాళ్ళు విప్పి, పెట్టె తెరిచి పొట్లం తీశాడు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని తాటిపత్రి మీద చతికిలబడ్డాను.

అయిపోయిందనుకున్నాను. కింద ఇంకొకడు తల పైకెత్తాడు. "అవ్వా, మా మసాలల గూడ గసాలుంటయా?"

"నీ పెండ్లామేమేస్తది?"

"మసాల ఏస్తది."

"మసాలల ఏమేస్తది రా?"

"మసాలనే."

పదిమందినీ అడిగాను. లవంగం అన్నవాడొకడు, ఎర్రగా ఉంటదన్నవాడొకడు. నెరిసిన మీసాల పెద్దమనిషి ఒకాయన, "ఇరువై ఏండ్ల సంది తింటున్న. ఎన్నడడగలె" అని తల గోక్కున్నాడు. ఒక్కడికీ తెలియదు. ఇంక చూడండి, తాటిపత్రి మొత్తం లేచింది. ఏజెంటు తిట్లు లంకించుకున్నాడు, వాళ్ళు పెట్టెలు తెరిచారు. చివరకు నా ఒళ్ళో తొమ్మిది పొట్లాలు. పొట్లం ఇంటికి చేర్చమని ఎవరి ఊరు ఏదో వాళ్ళు అరుస్తుంటే నేను పైనుంచి తిరిగి అరుస్తున్నాను.

భూదేవి కనిపించలేదు. బందు భయంతో షట్టరు సగం దించిన కిరాణా దుకాణంలోకి వంగి దూరి, లవంగాలు, చెక్క, యాలకులు, ధనియాలు విడివిడిగా కట్టించుకుని వచ్చింది. అన్నీ గింజలే, పొడి కానివి. కిటికీలోంచి దేవదాసు చేతిలో పెట్టింది.

"అక్కడ దంచుకో."

"నాకు రాదే."

"నేర్సుకో. ధనియాలు సన్నటి మంట మీద యేంచు. వాసన రాంగనే దించు. మాడితె చేదయితది. లవంగాలు ఎన్కకు. చల్లారినంక దంచు, వేడి మీద డబ్బల పొయ్యకు."

"ధనియాలెన్ని?"

"నాలుగు దోసిళ్ళు. నీ దోసిలి కాదు, నా దోసిలి."

ఆమె చేతులు రెండూ కలిపి కిటికీ దగ్గర చూపించింది. అతను ఆ చేతులను చూస్తూ ఉండిపోయాడు. వెనక సీట్లవాళ్ళు కూడా మెడలు సాచి వింటున్నారు. ఒకడు బీడీ డబ్బా మీద రాసుకుంటున్నాడు. పెళ్ళయి పదకొండేళ్ళు, ఆ మొగుడూ పెళ్ళాలు అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు. పైగా పైనుంచి అన్నీ వినబడుతున్నాయి. ఇంతకంటే మంచి చోటు నాకు జీవితంలో దొరకలేదు.

"అమ్మా, దిగుతవా, బొంబాయి దాక అస్తవా?" అన్నాడు క్లీనరు. నలుగురు పట్టుకుంటే దిగాను.

బస్సు పోయింది. భూదేవి సందు చివరి దాకా దాని వెంట నడిచి, తిరిగి వచ్చి, అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చింది. నేను పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. ఇప్పుడైనా తిట్టమన్నాను. "నాకు శాతనైతలేదక్కా" అంది.

పదిహేను రోజులకు దేవదాసు క్షేమంగా చేరినట్టు తెలిసింది. బందు ముగిశాక పొట్లాలు ఇంటింటికీ అప్పజెప్పే పని మిగిలింది. నేను ఒక్కదాన్నే పోతానంటే భూదేవి వినలేదు. కండెలు పక్కన పెట్టి నా వెంట వచ్చింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో సత్కారం. ఒకామె దండం పెట్టింది, ఒకామె మొగుడి నోటి దగ్గరి కూడు తీసినదానా అంది. అందరి కంటే చివర ముత్యంపేట. అక్కడ సరోజన అనే పిల్ల పొట్లాన్ని చేతిలో తిప్పి చూసి, మా ఇద్దరినీ చూసింది.

"నేను గసాలు ఎయ్యనే ఎయ్యను. నా మసాలల ఎన్నడు లెవ్వు. ఆయన ఉత్తగ ఇడిసిపెట్టి పోయిండు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవలు జెప్పిండ్రు తియ్యుమని?"

నేను తల దించుకున్నాను. నేనే అని చెప్పడానికి నోరు తెరవబోతుండగా భూదేవి ముందుకు జరిగింది.

"మాదే తప్పు చెల్లె," అంది. "భయపడ్డం. తెల్వక అన్ని తీపిచ్చినం. మనసుల పెట్టుకోకు."

మాది అంది. నాతో పాటు వాటా పంచుకుంది. సరోజన కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంత దూరం వచ్చారు, అన్నం తినిపొమ్మంది. వచ్చిన మసాలాలోనే ఒక చెంచా వేసి కోడిగుడ్ల పులుసు పెట్టింది. భూదేవి రెండు మెతుకులు తిని చెయ్యి కడుక్కుంది. నేను రెండుసార్లు వడ్డించుకుని, ఇందులో షాజీరా పడిందా అని సరోజనను అడిగాను.